డిజిటల్ బోర్డుకు బొట్టు పెట్టిన రోజు

మాధవీలత టీచర్‌ను ఎవరైనా అబద్ధాలకోరు అంటే ఆమెకు కోపం వస్తుంది. అబద్ధం వేరు, కథ వేరు అంటుంది. ఆ తేడా ఏమిటో ఆమెను కన్నవాళ్లకు గానీ, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలకు గానీ ఇప్పటిదాకా అంతుపట్టలేదు. హిందూపురం బజారులో వాళ్ల నాయనకు చింతపండు అంగడి ఉండేది. గౌన్లు తొడుక్కునే వయసులోనే ఆమె ఆ అంగడి గడప మీద కూర్చుని, బేరమాడే వాళ్లతో, "ఈ బుట్టలోది గుడికి తీసిపెట్టినాము, మీకు ఇయ్యం" అనేది. అంతే, వాళ్లకు ఆ బుట్టలోదే కావాల్సి వచ్చేది. పక్కనున్న ఇంకో బుట్టలోనూ అదే చెట్టు పండు ఉండేది. నాయన పైకి తిట్టి, లోపలికి పోయి నవ్వుకునేవాడు.

ఆ నోరు పట్టుకునే ఆమె తెలుగు టీచర్ అయింది. ఇప్పుడు వయసు నలభై దాటింది గానీ నోటికి ఇంకా ఆ గౌను వయసే. ఇల్లు హిందూపురంలో, ఉద్యోగం ధర్మవరంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో. రోజూ పొద్దున్నే రైలు ఎక్కుతుంది. దారిలో పెనుకొండలో హెడ్మాస్టర్ చెన్నకేశవులు సార్ అదే పెట్టెలోకి ఎక్కుతాడు. ఆయన కోసం కిటికీ పక్క సీటు మీద హ్యాండ్‌బ్యాగు పెట్టి కాపలా కాసేది ఈమే. చూసేవాళ్లు ఎంత గౌరవమో అనుకుంటారు. అసలు సంగతి ఏమంటే, స్కూల్లో ఆయనను నిలబెట్టి మాట్లాడటం కష్టం. రైలెక్కాక మాత్రం ధర్మవరం వచ్చేదాకా ఆయన ఎక్కడికీ పోలేడు.

ఆ స్కూల్లో ఎనిమిదో తరగతి గోడకు ఒక పెద్ద డిజిటల్ బోర్డు బిగించారు. ముట్టుకుంటే పేజీ తిరుగుతుంది, వేలితో రాస్తే రాత పడుతుంది, పాఠం పెడితే తనే పైకి చదువుతుంది. బిగించినవాళ్లు ఒకసారి చూపించారు కాబట్టి ఇవన్నీ తెలుసు. ఆ తరువాత ఎవరూ చూసిన పాపాన పోలేదు. చెన్నకేశవులు సార్ దానికి మందపాటి గుడ్డతో గలీబు కుట్టించి తొడిగించాడు. స్విచ్చు చుట్టూ చెక్కపెట్టె కొట్టించి దానికి తాళం వేశాడు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుందని పిల్లలు చెప్పుకునేవాళ్లు.

ఆయన చెడ్డవాడేం కాదు. వెనక పనిచేసిన స్కూల్లో ఒక ప్రొజెక్టర్ ఆయన హయాంలో కాలిపోయింది. విచారణ అన్నారు, సంజాయిషీ అన్నారు, పాపం నిద్ర లేకుండా చేశారు. రిటైరయ్యేలోగా ఇంకో మిషను తన చేతుల మీద ప్రాణం వదలకూడదని ఆయన దిగులు. "మనం పోయినా బోర్డు ఉండాల మేడమ్" అనేవాడు. ఆయన దృష్టిలో ఎవరూ ముట్టుకోని వస్తువే క్షేమంగా ఉన్నట్టు లెక్క.

ఆ గలీబు తొడిగిన బోర్డు ముందు, మొదటి బెంచీలో రంజిత కూర్చునేది. మగ్గం నేసే గోపాల్ కూతురు. నోటితో అడిగితే ఏ ప్రశ్నకైనా జవాబు చెబుతుంది, పద్యం ఒకసారి వింటే అప్పజెబుతుంది. పుస్తకం చేతికిస్తే మాత్రం మొహం వాడిపోతుంది. కమలం కలమం అవుతుంది. పై లైను చదువుతూ చదువుతూ కింది లైనులోకి జారిపోతుంది. కింది తరగతుల్లో ఆ పిల్లకు సోమరి అనీ మొండి అనీ రకరకాల బిరుదులు ఇచ్చారు. మాధవీలత కూడా మొదట్లో ఒక బిరుదు ఇవ్వబోయింది. ఇంతలో పిల్లే చెప్పింది.

"అక్షరాలు కదుల్తాంటాయి టీచర్. ఒగదాన్ని పట్టుకుంటే ఇంగోటి తప్పించుకుంటాది."

ఇలాంటి పిల్లలు ఉంటారనీ, అది తెలివి తక్కువై కాదనీ, వాళ్లు చదివే దారి వేరుగా ఉంటుందనీ టీచర్ల ట్రైనింగులో చెప్పారు. ఆ పూట మాధవీలత వెనక వరసలో కూర్చుని పక్కావిడతో చీరల కబుర్లు చెప్పింది. ఇప్పుడు తనను తాను తిట్టుకుంటూ, రైల్లో ఫోను తెరిచి మొదటినుంచీ నేర్చుకుంది. అక్షరాలు పెద్దవి చేయడం, లైన్ల మధ్య చోటు పెంచడం, చదవాల్సిన ఒక్క లైను మీదే పసుపు రంగు పడేలా పెట్టడం, ముట్టుకుంటేనే తరువాతి లైనుకు పోయేలా చేయడం. పైగా ఫోను ఆ లైనును పైకి చదువుతుంది. కన్ను తడబడిన చోట చెవి సాయం పడుతుంది. రంజిత చేతికిస్తే, ఊపిరి బిగబట్టి ఒక లైను ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. టీచర్ వైపు చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.

మరుసటి రోజు ఫోను ముట్టనంది.

"అందురూ నన్నే చూస్తాండారు టీచర్. రంజితకు స్పెషల్ అంట అని నవ్వుతాండారు."

మాధవీలతకు అప్పుడు తెలిసొచ్చింది. ఒక్క పిల్లకే ఇస్తే అది మందు, అందరికీ కలిపి పెడితే అది పాఠం. పదిమందిలో మందు మింగడం పెద్దవాళ్లకే నామోషీ, పదమూడేళ్ల పిల్లకు ఉండదా? ఆ పిల్లకు కావలసింది తన ఫోను కాదు, గోడ మీద గలీబులో హాయిగా నిద్రపోతున్న బోర్డు.

ఆ వారంలోనే గోపాల్ స్కూలుకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దసరా అయినాక పాపను పంపీను టీచరమ్మా. ఇంట్లో మగ్గానికి దారం కండెలు చుట్టేకి మనిషి లేదు."

"కండెలకోసం చదువు మాన్పిస్తావా గోపాల్?"

"దానికి సదువు రాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈడ తల వంచుకొని కూర్చునేదానికన్నా, మగ్గం కాడ తలెత్తుకొని ఉండనీ."

ఆయన కోపంగా అన్నా బాగుండేది. కోపానికి ఎదురు చెప్పడం మాధవీలతకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఆయన ప్రేమగా అన్నాడు. ఆమె నోటికి వచ్చింది అనేసింది.

"ఆయుధపూజకు రాప్పా. నీ ముందరే చదివి చూపిస్తాది. చూసినాక నీ ఇష్టం."

దసరా సెలవులకు ముందు రోజు స్కూల్లో ఆయుధపూజ చేయడం ఆనవాయితీ. ఆ రోజు ఎంతో దూరంలో లేదు. గోపాల్ తల ఊపి వెళ్లిపోయాక ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. రంజిత గురించి ఆమె మొదటిసారిగా భయపడింది అప్పుడే.

మరునాడు పెనుకొండలో హెడ్మాస్టర్ ఎక్కి, గొడుగు మడిచి, సీట్లో సర్దుకునేదాకా ఆగింది.

"సార్, ఈ తూరి ఆయుధపూజలో మన బోర్డుకు గూడా చేస్తారు గదా?"

"చేయకుండా ఎట్ల మేడమ్? స్కూల్లో దానికన్నా పెద్ద ఆయుధం ఏముండాది?"

మాధవీలత కిటికీలోంచి కొండ మీద కోటగోడ వైపు చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పును ఆమె హిందూపురం నుంచి సాధన చేస్తూ వచ్చింది.

"ఏం మేడమ్, అట్ల నిట్టూరుస్తిరి?"

"నేనేమంటిని సార్? ధర్మవరం మగ్గాలోళ్లు ఒగ మాట చెప్తారు. పని చేసిన మగ్గానికే పూజ చేయాలంట. ఒక్క పోగన్నా నేయని మగ్గానికి బొట్టు పెడితే, అది అలిగి జన్మలో పని చేయదంట. ఆళ్ల అవ్వలు చెప్తాంటే విన్నాను."

ఏ అవ్వా చెప్పలేదు. ఆ అవ్వ అప్పుడే, ఆ రైలు పెట్టెలో పుట్టింది. చెన్నకేశవులు సార్ గొడుగు పిడి మీద వేళ్లు ఆడించాడు. ఆయనకు పై అధికారి అంటే ఎంత భయమో దేవుడంటే అంతకన్నా ఎక్కువ భయం. ధర్మవరం స్టేషను కనబడుతుండగా గొంతు సవరించుకున్నాడు.

"అంటే, పూజకు ముందర దానితో రవంత పని చేయించాలంటారా?"

"పెద్దోళ్లు, మీకు నేను చెప్పేదేముండాది సార్?"

ఆ రోజే తాళం తెరుచుకుంది. మొలతాడు సంగతి నిజమేనని, ఆయన గోడ వైపు తిరిగి చొక్కా పైకెత్తుకోవడం చూసిన పిల్లలు తేల్చుకున్నారు. తడి చేతులతో ముట్టరాదు, గట్టిగా నొక్కరాదు, దగ్గరికి పోయి తుమ్మరాదు అని షరతులు చెప్పి, ఆయన గుమ్మంలోనే కాపలా నిలబడ్డాడు.

ఎనిమిదో తరగతికి ఆ రోజులు పండగ ముందే వచ్చినట్టు గడిచాయి. బోర్డులోంచి ఒక ఆడగొంతు పాఠం చదివేది. ఒత్తులు, పొల్లులు ఒక్కటీ వదలకుండా అంత శుభ్రంగా పలికేసరికి, పిల్లలు దానికి బెజవాడక్క అని పేరు పెట్టారు. "ఈయక్క మన మాదిరి మాట్లాడదేమి టీచర్?" అని అడిగారు. "రానీ, మన గాలి తగిలితే అదే నేర్చుకుంటాది" అంది మాధవీలత. లోకేష్ అనే పిల్లవాడికి చూపు సరిగా ఆనదు. ఒకటో తరగతి నుంచీ మొదటి బెంచీకే అతుక్కుపోయాడు. బోర్డు మీద అక్షరం అరచేయంత కాగానే, వాడు సంచీ తీసుకుని చివరి బెంచీకి పోయాడు. ఎందుకురా అంటే, "ఇన్నేండ్లూ వెనకాల ఏం జరుగుతాండాదో నాకు తెలీదు టీచర్, చూడల్ల" అన్నాడు.

రంజిత అందరితో పాటు గొంతు కలిపి చదువుతోంది. అందరి కళ్లూ బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి ఆ పిల్లను చూసేవాళ్లు లేరు. పసుపు లైను ఎక్కడుందో అక్కడే కళ్లు పెడుతోంది. కానీ చదువుతోందా, బెజవాడక్క వెంట పలుకుతోందా? మాధవీలతకు తెలియదు. బెజవాడక్క గొంతు ఆపి చూస్తే తెలిసిపోతుంది. ఆపడానికి వేలు ముందుకు పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. తెలిసిపోతుందేమోననే ఆమె భయం.

అందుకని తనకు బాగా వచ్చిన దారి పట్టింది. నక్క పాఠం ఒకటి రంజితకు వినీ వినీ కంఠతా వచ్చింది. ఆ పిల్లను పక్కకు పిలిచింది.

"మీ నాయన వచ్చిన రోజు ఈ పాఠమే పెడతా. నువ్వు బోర్డు చూస్తా గడగడా చెప్పేయ్."

"చదువుతాండట్లా?"

"అట్లే."

"అది మోసం కాదా టీచర్?"

"మోసం కాదే, రిహార్సల్."

రంజిత మొహం చిన్నబోయింది. మాధవీలత అది చూసీ చూడనట్టు వేరే పనిలో పడింది.

పూజ రోజు వచ్చింది. పిల్లల తల్లిదండ్రులు కొందరు వచ్చారు. చెన్నకేశవులు సార్ కొత్త పంచె కట్టుకుని, గోపాల్‌ను చూడగానే ఎదురుపోయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఈ బోర్డుకు పూజ నువ్వే చేయాల. మగ్గానికి ఎట్ల చేస్తావో అట్లే, ఏమీ తగ్గరాదు."

గోపాల్ ఏమీ తగ్గించలేదు. నాలుగు మూలలా గంధం మెత్తాడు. గంధం మీద కుంకుమ అద్దాడు. మగ్గానికి వేసినట్టే బోర్డు అంచుల వెంబడి చామంతి దండ చుట్టాడు. ఆయా మారక్క కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు నాలుగు చుక్కలు బోర్డు మీద కూడా చిలకరించింది. ఆ బోర్డు అంచుల్లో కంటికి కనబడని కిరణాలేవో అటూ ఇటూ పోతుంటాయని, వాటికి ఏది అడ్డం వచ్చినా బోర్డు దాన్ని మనిషి వేలు అనుకుంటుందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. తరువాతెప్పుడో రిపేరు మనిషి వచ్చి తల పట్టుకుని చెబితే తెలిసింది.

హారతి అయ్యాక హెడ్మాస్టర్ తృప్తిగా అడిగాడు.

"పని చేయని మగ్గానికి పూజ చేస్తే అలుగుతాదంట గదప్పా? మీ అవ్వలు చెప్తారంట."

గోపాల్ వింతగా చూశాడు. "అట్లాంటిది మేము యాడా విన్లేదు సార్. కొత్త మగ్గానికి పూజ చేసినాకనే గదా పని మొదులు పెట్టేది. ఎవురు చెప్పినారు?"

హెడ్మాస్టర్ మెల్లగా మాధవీలత వైపు తిరిగాడు. ఆమె సీలింగు ఫ్యానును జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. గోపాల్ కూడా ఆమె వైపు చూశాడు. "ఓహో" అన్నాడు. లేని అవ్వను పుట్టించిన మనిషి, పిల్ల చదువు కోసం ఇంకేం పుట్టించిందోనని ఆయన అనుకుంటున్నాడు. అనుకోవడంలో తప్పేమీ లేదు కూడా.

ఇంక వెనక్కి పోయే దారి లేదు. రంజిత ముందుకొచ్చి నిలబడింది. మాధవీలత బోర్డు వెలిగించి నక్క పాఠం పెట్టింది. బెజవాడక్క గొంతు విప్పింది.

"అనగనగా ఒక అడవిలో ఒక నక్క, నక్క, నక్క, నక్క..."

నక్క దగ్గరే ఆగిపోయింది. తరువాత పేజీలు వాటంతట అవే తిరగడం మొదలైంది. అక్షరాలు ఒక క్షణం ఏనుగంత, ఒక క్షణం చీమంత అయ్యాయి. బోర్డు మీద ఎవరూ గీయని నల్ల గీతలు ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తాయి. లెక్కల పాఠం వచ్చింది, పోయింది. చివరి బెంచీలోంచి లోకేష్ ఈల వేశాడు.

"అలిగింది!" చెన్నకేశవులు సార్ రెండు చేతులూ జోడించాడు. "మేడమ్ చెప్పిందే నిజం, చేయించిన పని చాల్లేదు, బోర్డు అలిగింది!"

మాధవీలతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తన అబద్ధం ఇంత బాగా పండడం ఆమె ఎన్నడూ చూడలేదు. మారక్క దేవుడిని తలుచుకుంటూ చామంతి దండ పట్టి లాగేసింది. బోర్డు నిదానించింది. పేజీలు తిరగడం ఆగింది. బెజవాడక్క గొంతు మాత్రం పోయింది, ఎంత చూసినా రాలేదు. నక్క పాఠం కూడా ఎక్కడికో పోయింది. దాని బదులు పుస్తకం చివర్లో ఉన్న ఒంటె పాఠం వచ్చి కూర్చుంది. తరగతిలో అది ఇంకా మొదలే పెట్టలేదు. మొదటి లైను మీద పసుపు రంగు పడి ఉంది.

మాధవీలత ఒక్క అడుగులో ముందుకొచ్చింది. "ఇది కాదు, ఇది కాదు. రంజితా, ఆగు. బోర్డు చెడిపోయినట్టుండాది, ఇంగో రోజు..."

రంజిత ఆమె వైపు చూడలేదు.

"ఎ...రా...డి" అంది. ఆగింది. పెదవులు కొరుక్కుంది. "కాదు. ఎ...డా...రి. ఎడారిలో. నీళ్లు. తక్కువ."

వేలితో ముట్టుకుంది. పసుపు రంగు కింది లైనుకు దిగింది.

"ఒంటె. చాలా రో...జులు. నీళ్లు లే...కుండా. ఉండ...గలదు."

మాధవీలత చేయి గాల్లోనే ఉండిపోయింది. ఇంకో లైను.

"ఒంటెకు కో...పం వస్తే. ఎదు...టి మనిషి మీద. ఉమ్... ఉమ్... ఉమ్ముతుంది!"

పిల్లలంతా గొల్లున నవ్వారు. రంజిత ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. వాళ్లు తనను చూసి కాదు, ఒంటెను చూసి నవ్వుతున్నారు. ఆ సంగతి తెలియగానే ఆ పిల్ల అందరికన్నా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే తరువాతి లైను ముట్టుకుంది.

పాఠం అయిపోయింది. గోపాల్ కదలకుండా అడిగాడు.

"ఇది గూడా నేర్పించినారా టీచరమ్మా?"

చింతపండు బుట్టల కాలం నుంచీ మాధవీలతకు ఇలాంటి చోట ఏదో ఒక కథ దొరికేది. ఈసారి వెతకలేదు.

"లేదప్పా. నేను నేర్పించింది నక్క పాఠం. నిన్ను నమ్మించేకి బట్టీ పట్టించినాను. పాపకు చదువు వస్తాదని నాకే నమ్మకం లేకపోయె. ఈ ఒంటె పాఠం నేనింగా చెప్పనేలేదు. ఇది పాప సొంతంగా చదివింది."

రంజిత ముందు ఆమెకు సిగ్గేసింది, ఆ సిగ్గుకన్నా ఎక్కువ సంతోషం కలిగింది. కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంటుంటే, హెడ్మాస్టర్ తన కొత్త పంచె చెంగుతో బోర్డు మూలలు తుడుస్తూ, "ఏడవద్దు మేడమ్, తడి తగుల్తాది" అని దూరంగా నెట్టాడు.

పిల్లలు గుగ్గిళ్ల కోసం వరండాలోకి పరుగెత్తారు. మిగతా పెద్దవాళ్లతో కలిసి హెడ్మాస్టర్ వాళ్ల వెనకే పోయాడు. తాళంచెవి మాత్రం బల్ల మీద వదిలేసి పోయాడు, మరిచిపోయో, కావాలనో. రంజిత బోర్డు దగ్గరే ఉండిపోయింది. గోపాల్ కూడా పోలేదు. బెంచీ అంచున కూర్చున్నాడు.

"నాకూ ఇట్లే ఉండె టీచరమ్మా. లైను తప్పిపోయేది. సారు బెత్తం ఇరిగేదాకా కొట్టినాడు. నాకు తలకాయ లేదనుకొని మగ్గంలో కూర్చుంటిని. పాపకూ నా తలకాయే వచ్చిందని, ఆ దెబ్బలు తినకముందే తీసుకపోదామనుకుంటి." కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "సెలవులైనాక పంపిస్తాలే. కండెలు నేనే చుట్టుకుంటా."

గోపాల్ లేచి గుమ్మం దాకా పోయాడు. బయటికి చూశాడు, వరండాలో ఎవరూ ఇటు చూడటం లేదు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పాపా, ఆ ఒంటెది ఒగసారి పెట్టు."

రంజిత పాఠం మొదటికి తెచ్చింది. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేసింది. గోపాల్ బోర్డు ముందు నిలబడి, పసుపు లైను కింద వేలు పెట్టాడు. "ఎ" అన్నాడు. ఆగిపోయాడు. మెడ వెనక చెమట తుడుచుకుని, టీచర్ ఉన్న వైపు ఒక చూపు చూశాడు. మాధవీలత కిటికీ వైపు తిరిగి, బయట ఏదో పని ఉన్నదానిలా నిలబడింది.

రంజిత తండ్రి మోచేతి కింద చెయ్యి వేసింది.

"నిదానంగా చదువు నాయనా. నవ్వేటోళ్లు ఎవురూ లేరు ఈడ."